ఏనుగుకీ గోడకీ మధ్య

మా ఆఫీసు లాబీలో, లిఫ్టులకు ఎదురుగా ఒక బొమ్మ ఉంటుంది. తంగేడు చెట్టు. కాండం కాస్త ఎడమకు వంగి, కొమ్మల నిండా పసుపు చుక్కలు. ఇది ఏనుగు వేసిన చిత్రం అని కింద పలక మీద రాసి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు. వేరే ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు కళ్లజోడు సవరించుకుని వంగి చూస్తారు. నేను మాత్రం ఐడీ కార్డు సర్దుకునే వంకతో తల దించుకుని లిఫ్టు ఎక్కేస్తాను. ఆ కాండం ఎక్కడ వంగిందో అక్కడ మా నాయిన చెయ్యి ఏనుగు చెవిని ఎంత లాగి ఉంటుందో నాకు తెలుసు.

మా నాయిన జూలో మావటి. ఆ ఏనుగు పిల్లగా వచ్చినప్పటి నుంచీ దాని ఆలనాపాలనా ఆయనదే. బొమ్మలు వేయించాలన్న ఆలోచన మాత్రం ఒకప్పటి జూ పెద్దసారుది. పిడికి అడ్డంగా చిన్న కర్ర బిగించిన కుంచెను తొండానికి అందిస్తారు, అది చుట్టి పట్టుకుంటుంది. నాయిన పక్కనే నిలబడి చెవి మీద చెయ్యి వేస్తాడు. చెవి కిందికి లాగితే గీత కిందికి వస్తుంది, ముందుకు నెడితే పక్కకు పోతుంది, వేలితో తడితే చుక్క పడుతుంది. అంకుశం లేదు, తిట్టు లేదు. అలా నేర్పడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. బొమ్మ నీదా, దానిదా అని ఎవరైనా అడిగితే, "చెయ్యి నాది, తొండం దానిది. ఇగ బొమ్మ ఎవరిదో మీరే చెప్పుండ్రి" అని నవ్వేవాడు.

నిజం చెప్పాలంటే, ఆ ఏనుగంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. జూ క్వార్టర్స్‌లో పెరిగాను. నాయిన నన్నూ బిడ్డా అనేవాడు, దాన్నీ బిడ్డా అనేవాడు. బయటి నుంచి ఆ కేక వినబడగానే నేను పలక పడేసి ఉరికేదాన్ని. తీరా చూస్తే ఆ పిలుపు నాకు కాదు, షెడ్డులో ఉన్నదానికి. పండుగనాడు మాకన్నా ముందు దానికి బెల్లం ముద్ద. అమ్మ పోయి, దినాలు అయిన మర్నాడే పొద్దున్నే షెడ్డుకు బయల్దేరాడు. ఏంది నాయినా ఇది అంటే, "దానికి తెల్వదు కద బిడ్డా, ఆకలైతది" అన్నాడు. నాకు తెలుసు కాబట్టి నాకు ఆకలి కాదన్నమాట! ఆ రోజు నేను కోపంతో అన్నం ముట్టలేదు. ఆయన గమనించలేదు కూడా.

అయినా సాయంత్రం దాని కాళ్లు కడిగే వేళకు మాత్రం నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. చూడకుండా ఉండలేకపోయేదాన్ని. నాయిన చిన్న పీట వేసుకుని దాని ముందు కూర్చుని, "బిడ్డా, కాలు" అనేవాడు. అంతే. అంత పెద్ద శరీరం బరువంతా మిగిలిన మూడు కాళ్ల మీదికి తీసుకుని, ఆ ఒక్క కాలు మెల్లగా ఎత్తి ఆయన మోకాళ్ల దగ్గర పెట్టేది. ఆయన అరికాలిలో ఇరుక్కున్న రాళ్లు తీసి, బ్రష్షుతో రుద్ది, నీళ్లు పోసేవాడు. అది కాలు దింపితే మా నాయిన మిగలడు. ఇద్దరికీ ఆ సంగతి పట్టేది కాదు.

నాకు మాత్రం భయమేసేది. ఒకసారి ఆ మాటే అంటే ఆయన చెవులు చూపించాడు. "చెవులు ఊగినంతసేపు ఏం ఫికర్ లేదు. మనసు మంచిగున్నట్టు. చెవులు ఆగినయంటే మాత్రం మాట్లాడకుంట ఎనకకు రా. ఉరుకొద్దు." అప్పటి నుంచి ఎప్పుడు దాని దగ్గరికి వెళ్లినా ముందు చెవులే చూడటం నాకు అలవాటైపోయింది.

చదువయ్యాక నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికింది. టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాం ఎక్కడ చెడిపోతుందో ముందుగానే వెతికి పట్టుకోవడం నా పని. బోరబండలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. అక్కడ రైలెక్కితే తర్వాతి స్టేషనే మా ఆఫీసు పక్కన. నాయిన మాత్రం క్వార్టర్స్ వదల్లేదు, వారానికోసారి వచ్చి పోయేవాడు. పదవీ విరమణకు ఇంకా కొద్ది నెలలే ఉంది, అప్పుడు వచ్చేస్తాడులే అని నేనూ ఊరుకున్నాను.

పోయిన వానాకాలంలో ఒక రోజు వచ్చి, కుర్చీలో కూర్చోబోయి, "అబ్బా" అని మూలిగాడు. ఏమైందంటే బాత్‌రూములో జారానన్నాడు. ఆయన వద్దన్నా ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చొక్కా విప్పించి చూసి, నా వైపు తిరిగి, "బాత్‌రూములో జారితే వీపు మీదా ఛాతీ మీదా ఒకేసారి ఇంత దెబ్బ ఎట్లా తగులుతుందమ్మా? ఏదో మధ్య నలిగినట్టుంది" అన్నాడు. ఒక పక్కటెముక చిట్లింది. 

ఇంటికొచ్చాక నిలదీశాను. కాసేపు అటూ ఇటూ చూసి చివరికి చెప్పాడు. రోడ్డు మీద ఎవరో పోకిరీ బండి సైలెన్సర్ పేల్చాడట. ఏనుగు ఉలిక్కిపడి పక్కకు జరిగింది. అక్కడ ఈయన ఉన్నాడు, వెనక గోడ ఉంది.

"కావాలని చెయ్యలే బిడ్డా. దానికి వయసు మీద పడ్డది. సప్పుడు అయితే బెదురుతాంది. ముందు గట్ల లేకుండె."

"సారుకు చెప్పినవా?"

"చెప్తే గొలుసేస్తరు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. నా చిన్నతనంలో ఆ షెడ్డులోనే ఒక మగ ఏనుగు ఉండేది. ఒకసారి పనివాడిని తొండంతో కొట్టింది. మనిషి బతికి బట్టకట్టాడు. ఏనుగు మాత్రం చచ్చేదాకా గొలుసుతోనే ఉంది. కాలి చుట్టూ పుండు పడేది, నాయిన పసుపూ నూనే కలిపి రాసేవాడు, మానేది, మళ్లీ రేగేది. అది రోజంతా ఒకేచోట నిలబడి తల అటూ ఇటూ ఊపుతూనే ఉండేది. "నా బిడ్డను గట్ల చూడలేను" అన్నాడు నాయిన. నేనూ నీ బిడ్డనే కదా, నువ్వు గోడకు నలిగిపోతుంటే నేను చూడగలనా, అని అరిచాను. 

చివరికి నేనే దిగొచ్చాను. "సరే, చెప్పను. కాని ఇంకోసారి గిట్ల అయిందంటే నేనే పోయి సారుకు చెప్తా. అప్పుడు నువ్వు నా మీద అలగొద్దు."

"సరే బిడ్డా. అప్పుడు చెప్పు" అన్నాడు. ఆ ఒప్పందం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఈ గొడవలోకి మా ఆఫీసు ఎలా వచ్చిందంటే, జూలో జంతువులను కంపెనీలు దత్తత తీసుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని తిండికీ పోషణకూ కంపెనీ డబ్బు కడుతుంది, బోర్డు మీద పేరు పడుతుంది. మా కంపెనీ బొమ్మలు వేసే ఏనుగును తీసుకుంది. ఆ పనులు చూసే మేడం కోస్తా వైపు మనిషి. గలగలా మాట్లాడుతుంది, మనసులో కల్మషం లేదు. మావటి మా నాయినే అని తెలిసిన రోజు నా సీటు దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏమ్మా, ఇంత గొప్ప సంగతి దాచిపెట్టావా! నాన్నగారు ఆర్టిస్టండీ బాబూ!" అని ఫ్లోరంతా వినబడేలా చెప్పింది.

వార్షికోత్సవానికి ఏనుగు బొమ్మ వేస్తుండగా జూ నుంచి వీడియో కాల్ పెట్టి నేరుగా మా ఆడిటోరియంలో పెద్ద తెర మీద చూపించాలని నిర్ణయించారు. జూకు సెలవు కాబట్టి సోమవారం పెట్టుకున్నారు. ముందు తీసిన ఒక చిన్న వీడియో ఉద్యోగుల గ్రూపులో పెడితే, ఎవరో మహానుభావుడు, మనిషి చెవి లాగుతున్నాడు, ఇది మోసం, జంతు హింస కూడా, అని రాశాడు. దాని కింద చర్చ మీద చర్చ. మేడం నీరుగారిపోయింది. తర్వాత ఒక ఉపాయం ఆలోచించింది.

"చూడమ్మా, నాన్నగారిని అటు పక్కకు నిలబడమందాం. కెమెరాకు ఏనుగూ బొమ్మా కనిపిస్తే చాలు. చెయ్యి కనబడకపోతే ఎవరూ ఏమీ అనరు."

అటు పక్క అంటే గోడ. బొమ్మలు వేసే చోట ఏనుగుకు ఒక వైపు ఖాళీ స్థలం, రెండో వైపు షెడ్డు గోడ. ఇన్నేళ్లూ నాయిన ఖాళీ వైపే నిలబడేవాడు.

"వద్దు మేడం. గోడ పక్కన మనిషి నిలబడకూడదు. అది బెదిరితే?"

"నాన్నగారిని అడిగానమ్మా. చాలా చోటుంది, ఏం పర్వాలేదన్నారు."

పక్కటెముక సంగతి చెబితే ఆ క్షణంలోనే అంతా ఆగిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. మాట ఇచ్చాను కదా, మింగాను. నాయినకు ఫోన్ చేశాను.

"నీకు మతి గిట్ల పోయిందా నాయినా? మల్ల గోడ దిక్కా?"

"జర నిమ్మళం బిడ్డా. సోమవారం జనం ఉండరు, సప్పుడు ఉండదు. ఇగ పెద్ద తెర మీద అంతమంది చూస్తరట కద. నేను దిగిపోయే ముందు ఒక్కసారి దాని పనితనం నలుగురికి తెల్వనీ."

గొంతులో ఉత్సాహం దాగలేదు. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడట. తెర మీద తను కనబడనని తెలిసి కూడా కొత్త చొక్కా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక నేను చేయగలిగింది ఒక్కటే. అక్కడ చప్పుడు ఉండకుండా చూడటం. మేడంకు గట్టిగా చెప్పాను, ఏనుగు దగ్గర చిన్న శబ్దం కూడా కాకూడదని. ఆమె నిజాయితీగానే ఒప్పుకుంది. ఏనుగు దగ్గరున్నవాళ్లకు మా మాటలు వినబడాలి కాబట్టి అక్కడొక స్పీకరు పెట్టారు, మేడం పలకరింపు కోసం మాత్రమే. ముందురోజు రిహార్సల్ కూడా చేశాం. కెమెరా, వెలుతురు, తెర మీద బొమ్మ ఎంత ఆలస్యంగా వస్తోంది, అన్నీ నేనే కూర్చుని సరిచూశాను. ఏనుగు హాయిగా బొమ్మ వేసింది. చెవులు ఊగుతూనే ఉన్నాయి. కాల్‌లో చేరినవాళ్లంతా మ్యూట్‌లో ఉన్నారు. ఎప్పుడూ అలాగే ఉంటారు కాబట్టి మ్యూట్ తీస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆడిటోరియం కిక్కిరిసిపోయింది. వేరే ఊళ్ల ఆఫీసులవాళ్లు, ఇళ్లలోంచి పనిచేసేవాళ్లు కాల్‌లోకి వచ్చారు. నేను ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. తెర నిండా ఏనుగు. ఎదురుగా స్టాండు మీద తెల్లని గుడ్డ. నాయిన ఎక్కడా కనబడటం లేదు. చెవి అంచున ఆయన వేళ్లు మాత్రం అప్పుడప్పుడు కనిపించి మాయమవుతున్నాయి.

కాండం వచ్చింది. ఎడమకు వంగింది. కొమ్మలు వచ్చాయి. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను బొమ్మ చూడటం లేదు, చెవులే చూస్తున్నాను. ఊగుతున్నాయి. కుంచె పసుపు రంగులో మునిగి లేచింది. ఒక పువ్వు, ఇంకో పువ్వు. ఇంకొంచెం, ఇంకొంచెం, అయిపోతుంది, అని నాలో నేనే అనుకుంటున్నాను. 

చివరి కొమ్మ మీద పువ్వులు పడుతుండగా మేడం మైకు అందుకుంది. ఆమె కళ్లలో నీళ్లు. నిజంగా కదిలిపోయింది పాపం.

"అద్భుతం అండీ! అసలు మాటల్లేవు! కాల్‌లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి అన్‌మ్యూట్ చేసి, ఆ తల్లికి వినబడేలా గట్టిగా చప్పట్లు కొట్టండి!"

మా లోకంలో ఇది మామూలే. ఇళ్లలో కూర్చుని పనిచేసిన రోజుల్లో మొదలైంది. ఎవరైనా బాగా చేస్తే అందరూ మ్యూట్ తీసి చప్పట్లు కొడతారు. పుట్టినరోజుకీ అదే, ప్రమోషనుకీ అదే. మేడం అన్న మాటలో చెడేమీ లేదు. నేను లేచి నిలబడేలోపే వందల మంది మ్యూట్ తీసేశారు. చప్పట్లు, ఈలలు, కేకలు, ఎవరింట్లోనో కుక్క మొరుగు, ప్రెషర్ కుక్కర్ కూత, అన్నీ కలిసి ఏనుగు పక్కన ఉన్న స్పీకరులోంచి ఒక్కసారిగా పేలాయి. మా మైకు దాన్ని మళ్లీ అందుకుని కీచుమని అరిచింది.

చెవులు ఆగాయి.

తెర మీద కనబడేది అక్కడ జరిగిన కొన్ని క్షణాల తర్వాత వస్తుందని నాకు తెలుసు. ముందురోజు నేనే సరిచూశాను. అంటే అక్కడ చెవులు ఎప్పుడో ఆగిపోయాయి. తర్వాత ఏం జరగాలో అదీ జరిగిపోయింది. నాకింకా చూపించలేదు, అంతే.

"ఆపండి! సౌండ్ ఆపండి!" అని అరిచాను. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. స్టేజీ మీదికి ఉరికి, లాప్‌టాప్ దగ్గరున్న అబ్బాయిని పక్కకు తోసి, మొత్తం సౌండ్ కట్ చేశాను. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నేను తల ఎత్తి తెర చూశాను.

కుంచె కింద పడింది. స్టాండు ఒరిగి బొమ్మ బోర్లా పడింది. ఏనుగు పక్కకు జరిగింది. తెరంతా బూడిదరంగు చర్మం. అది గోడవైపు ఒరిగి అలాగే నిలబడిపోయింది.

హాల్లో నవ్వులు. "ఇంక చాలు బాబోయ్ అంటోంది" అని ఎవరో అన్నారు. మేడం కూడా నవ్వింది. ఏనుగుకీ గోడకీ మధ్య ఒక మనిషి ఉన్నాడన్న సంగతి, కనబడటం లేదు కాబట్టి, అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్లు కూడా మరిచిపోయారు. నాయినా, నాయినా అని లోపల ఒకటే మాట.

ఎంతసేపటికో, చెవి అంచున వేళ్లు కనిపించాయి. లాగలేదు. ఊరికే పట్టుకున్నాయి. చెవి ఒకసారి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఏనుగు ఒక అడుగు ఇటు వేసింది. గోడ పక్కనుంచి మా నాయిన నడుము వంచుకుని, ఫ్రేములోకి వచ్చాడు. కొత్త చొక్కా భుజం దగ్గర చినిగింది. కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడమ చేత్తో కెమెరాకు సలాం చేసి, నవ్వి, ఏదో అన్నాడు. సౌండ్ లేదు. ఆయన పెదవులు చూస్తే నాకు అర్థమైంది. జారిన, అంటున్నాడు.

హాల్లో మళ్లీ చప్పట్లు మోగాయి.

మేడం నా దగ్గరికొచ్చింది. "ఏమైందమ్మా? నాన్నగారు బాగానే ఉన్నారుగా?"

"చప్పుడు వద్దని ఎన్నిసార్లు చెప్పాను మేడం మీకు! మా నాయిన గోడకు నలిగిపోతుంటే మీరు చప్పట్లు కొట్టించారు!"

స్టేజీ మీద, అందరి ముందు, గొంతు చించుకుని అరిచాను. ఆమె ముఖం తెల్లబోయింది. తన కారు తాళాలు డ్రైవరుకు ఇచ్చి నన్ను పంపింది. దారి పొడుగునా ట్రాఫిక్. ఫ్లైఓవర్ మీద బండి కదలక నిలబడిపోతే, డ్రైవరు "పరేషాన్ కాకమ్మా, పోతం" అంటున్నాడు. జూ నగరానికి అవతలి కొసన ఉంది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆ ఏనుగు మీద, ఆ కొత్త చొక్కా మీద.

నేను వెళ్లేసరికి ఎండ వాలింది. నాయిన షెడ్డు బయట స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి కదలకుండా తువ్వాలుతో మెడకు కట్టారు. భుజం ఎముక పక్కకు తప్పిందట. దవాఖానకు పొమ్మంటే ముందు ఇది తేలనివ్వండి అని మొండికేసి కూర్చున్నాడట. పక్కన జూ సారు నిలబడి ఉన్నాడు. కమ్మీల అవతల ఏనుగు గడ్డి తింటోంది. ముందు చెవులు చూశాను. మెల్లగా ఊగుతున్నాయి.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, మీ నాయిన కాలు జారింది అంటున్నడు. నేను కెమెరా దగ్గర ఉన్న, ఏనుగు అడ్డమొచ్చి నాకేం కనబడలే. నువ్వు దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నవ్. పెద్ద తెర మీద చూసినవ్. అసలేమైందో నువ్వు చెప్పు. నీ మాట మీదనే పోతా."

నాయినకు ఆ మాటలు వినబడ్డాయి. నా వైపు చూడలేదు. బతిమాలలేదు, కన్ను గీటలేదు, తల ఊపలేదు. ఎదురుగా ఉన్న మట్టిని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు చెప్పు, అన్న మనిషి ఆ మాట మీదే ఉన్నాడు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. చెప్పొద్దని ఒక్క మాట అని ఉంటే, కోపంతోనైనా చెప్పేసేదాన్ని.

జారాడు సార్, అందామనే అనుకున్నాను. ఎంత, కొద్ది వారాలు. ఆయన దిగిపోతాడు, బోరబండకు వచ్చేస్తాడు, ఇద్దరం బతుకుతాం. ఆ ఏనుగు కూడా దాని బతుకు అది బతుకుతుంది. నోరు తెరిచాను కూడా.

అంతలో కమ్మీల అవతల ఎవరో కదిలారు. కొత్త మావటి. నాయిన దిగిపోయాక ఆయన పని తీసుకోవడానికి వచ్చినవాడు, నాకన్నా కాస్త పెద్దవాడు. ఫోను మోగితే తీసి, "పనిల ఉన్న తల్లీ, పొద్దుగూకినంక వస్త, నువ్వు బువ్వ తిను" అని చెప్పి జేబులో పెట్టుకున్నాడు. బోర్లా పడ్డ బొమ్మ ఎత్తి గోడకు ఆనించాడు. తర్వాత ఏనుగుకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి నడిచి వెళ్లి, నాయిన నిలబడ్డ చోటే నిలబడి, చెయ్యి చాచి చెవి అందుతుందో లేదో చూసుకున్నాడు.

నన్ను చూసి, నవ్వుతూ అడిగాడు. "అక్కా, ఇగ మీద గీ దిక్కే నిలబడాల్నట కద? ఫొటోలల్ల మంచిగొస్తదట."



"బయటికి రా అన్నా" అన్నాను. "ముందు నువ్వు బయటికి రా."

అతను అర్థం కాక చూస్తూనే బయటికి వచ్చాడు. అప్పుడు సారు వైపు తిరిగాను. "జారలేదు సార్. ఏనుగే నొక్కింది. చప్పుడుకు బెదిరి నొక్కింది, ఆ చప్పుడు మా వాళ్లది. వానాకాలంలో కూడా ఒకసారి ఇట్లనే అయింది. పక్కటెముక చిట్లింది." ఒక్క ఊపున చెప్పేశాను. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

సారు నాయిన దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయబోయి, దెబ్బ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "ఇగ బొమ్మలు బంద్. మనిషి లోపటికి పోవాల్నంటే కాలికి గొలుసు ఉండాలె. ఇయ్యాల్టి నుంచే. నా చేతుల కూడా ఏం లేదు" అన్నాడు.

నాయిన తల ఊపాడు. నా వైపు చూశాడు అప్పుడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాడు. గొంతు మాత్రం ఆయనది కాదనిపించింది.

సామాన్ల కొట్టులోంచి గొలుసు తెచ్చారు. ఆ మగ ఏనుగు గొలుసే. కొత్త మావటి దాన్ని ఎత్తుకుని లోపలికి పోబోతే నాయిన ఆపాడు. "నువ్వు పోతే ఎయ్యనియ్యదు. కొట్లాడతది. ఇంకొకరికి దెబ్బ తగుల్తది. నేనే ఏస్త."

"నీ చెయ్యి లేవదు కద నాయినా" అన్నాను.

"నువ్వు పట్టు."

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ కమ్మీలు దాటి లోపలికి వెళ్లాను. గొలుసు ఇంత బరువుంటుందని తెలియదు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని పట్టుకున్నాను. ఏనుగు గడ్డి తినడం ఆపి, తొండం చాచి, ముందు ఆయన తువ్వాలు వాసన చూసింది. కట్టిన చెయ్యి చుట్టూ చాలాసేపు వాసన చూసింది. తర్వాత నా జుట్టు. వెచ్చటి గాలి మెడకు తగిలింది. దాని మీద నాకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

నాయిన పాత పీట కాలితో లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. కాళ్లు కడిగే వేళ అదే. ఎడమ చెయ్యి దాని మోకాలి మీద వేశాడు.

"బిడ్డా, కాలు" అన్నాడు.

అది బరువంతా మిగిలిన మూడు కాళ్ల మీదికి తీసుకుని, ఆ కాలు మెల్లగా ఎత్తి, ఎప్పటిలాగే ఆయన మోకాళ్ల దగ్గర పెట్టింది. నేను గొలుసు చుట్టూ తిప్పాను. ఆయన ఒక్క చేత్తో కొక్కెం తగిలించాడు. అంతసేపూ దాని చెవులు ఊగుతూనే ఉన్నాయి.